చీపురు పట్టమన్నారని... శిఖరమెక్కేసింది!

మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కల్సూబాయి. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవచ్చు. దారి చూపడానికి వూరి కుర్రాళ్లున్నారు. దిగొచ్చాక వేడివేడి రొట్టెలు పెట్టే అమ్మలున్నారు. శిఖరం మీది బుల్లి గుడిలో మాత్రం ఓ పనమ్మాయి దేవతై కూర్చుంది. ఆమె కథ విన్నాక చేతిలోని ఖాళీ ప్లాస్టిక్ సీసాను పారేయడం అంత తేలిక కాదు!

తెల్లవారుజాము అయిదు గంటలు. బారి వూరు అప్పటికే మేలుకుంది. రోడ్డు పక్కన జీపులు, టెంపోలు వరసగా ఆగుతున్నాయి. నిద్రకళ్లతో దిగినవాళ్లు స్వెటర్లు సర్దుకుంటున్నారు, బూట్ల లేసులు బిగించుకుంటున్నారు. ఓ పెంకుటింటి అరుగు మీద అల్లం దంచి వేసిన టీ పొంగుతోంది. ఆ వెలుగులో ఓ పాతికేళ్ల కుర్రాడు తన బృందాన్ని లెక్కపెట్టుకున్నాడు. మొత్తం 12 మంది. ఆ తర్వాత ఎవరూ వూహించని లెక్క ఇంకోటి మొదలుపెట్టాడు. ఎవరి సంచిలో ఎన్ని ప్లాస్టిక్ సీసాలున్నాయో అడిగి సెల్‌ఫోన్‌లో రాసుకున్నాడు. వచ్చిన లెక్క 17.

'దిగాక మళ్లీ లెక్కపెడతా' అన్నాడు నవ్వుతూ. సాయంత్రందాకా ఆ డజను మందికీ అతనే పెద్ద. అతనికన్నా రెట్టింపు వయసున్నవాళ్లు కూడా 'దాదా' అనే పిలుస్తున్నారు. మరాఠీలో దాదా అంటే అన్నయ్య.

ఆ బృందంలో ఓ తెలుగు కుటుంబమూ ఉంది. తాతల కాలంలో మగ్గాల పనికని భివండీ వచ్చి స్థిరపడిపోయినవాళ్లు. అమ్మ, నాన్న, ఏడో తరగతి చదివే కొడుకు కొండెక్కుతున్నారు. తోడుగా వచ్చిన నాయనమ్మ 'నా మోకాళ్లు నా మాట వినవురా నాయనా' అంటూ అరుగు మీదే కూర్చుండిపోయింది. టీ కాచే ఇల్లాలితో అప్పుడే కబుర్లు మొదలయ్యాయి.

మడుల గట్ల మీదుగా...

కల్సూబాయి ఎత్తు సముద్రమట్టానికి 1646 మీటర్లు. అంటే 5400 అడుగులు. మన తిరుమల కొండకు దాదాపు రెట్టింపు. మహారాష్ట్ర ఎవరెస్టు అని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకుంటారు. సహ్యాద్రి కొండల్లో, అహిల్యానగర్ జిల్లా (2024 దాకా దీని పేరు అహ్మద్‌నగర్) అకోలే తాలూకాకీ నాసిక్ జిల్లా ఇగత్‌పురి తాలూకాకీ మధ్య సరిహద్దు గోడలా నిలబడి ఉంటుంది. బారి నుంచి శిఖరానికి నిలువునా సుమారు ఎనిమిది వందల మీటర్లు ఎక్కాలి. అలవాటు లేనివాళ్లకు మూడు గంటలు పైనే పడుతుంది. అలిపిరి దారిలా పైదాకా వరస మెట్లుండవు. కాస్త మట్టి, కాస్త బండ, కాస్త నిచ్చెన.

నడక మాత్రం కొండ మీద మొదలవదు, వూళ్లో మొదలవుతుంది. ఇళ్ల మధ్య సందులోంచి, పశువుల పాకల పక్కనుంచి, ఓ వాగు దాటి మడుల గట్ల మీదికొస్తారు. ఇక్కడ ఎక్కువమంది మహదేవ్ కోళీ గిరిజనులు. కోళీలంటే ముంబయి తీరంలో చేపలు పట్టేవాళ్లే గుర్తొస్తారు. వీళ్లు వేరు, కొండల్లో సేద్యం చేసుకునేవాళ్లు. వానల ముందు నారుమడి మీద ఆకులూ రెమ్మలూ పేడా పరిచి కాలుస్తారు. దాన్ని 'రాబ్' అంటారు. ఆ బూడిదలో విత్తనం చల్లి, వానలు పడ్డాక నారు తీసి నాటుతారు. పల్లపు మడుల్లో వరి, వాలు నేలల్లో రాగులు, సామలు. వానాకాలంలో పండేదే ప్రధానమైన పంట.

ఈ చేలకు పెద్ద పేరే ఉంది. నాటు విత్తనాలను సేకరించి, దాచి, పదిమందికీ పంచిన 'బీజమాత' రాహీబాయి సోమా పోపెరె ఈ అకోలే తాలూకా మనిషే. కొంభాళ్నే అనే చిన్న పల్లె ఆమెది. బడికెళ్లి చదువుకోలేదు. 2020లో పద్మశ్రీ వరించింది.

మడులు దాటగానే కొండ మొదట్లో కల్సూబాయికి ఓ గుడి ఉంది. పైకి ఎక్కలేని ముసలివాళ్లు, గర్భిణులు ఇక్కడే దణ్నం పెట్టుకుని వెనుదిరుగుతారు. దాదా చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూసి, నుదుటికి చెయ్యి తాకించుకుని వచ్చాడు. ఆ తర్వాతే అసలు ఎక్కుడు మొదలైంది.

దారి తెలుస్తుంటే గైడెందుకు?

చాలామంది అడిగే ప్రశ్నే ఇది. దారి తప్పే కొండ కాదు కదా, ముందు పోయేవాళ్ల వెనకే పోతే సరిపోదా అని. అరగంట నడిచేసరికి జవాబు దొరుకుతుంది.

మొదటి పావుగంట అందరూ పోటీలు పడి నడిచారు. దాదా మాత్రం నత్తలా వెనకాలే వచ్చాడు. ఇరవై నిమిషాలకు ముందున్నవాళ్లంతా బండల మీద కూలబడి రొప్పుతుంటే వాళ్లను దాటి అదే నడకతో ముందుకెళ్లాడు. 'పైకి చూడకండి, నా మడమలు చూసి నడవండి' అన్నాడు. అంతే, ఇక ఎవరూ ఆగలేదు. ఏ రాయి కదులుతుందో అతనికి తెలుసు. పాచిపట్టిన బండ మీద కాకుండా పక్కనున్న గడ్డి మీద అడుగేయమంటాడు. నీళ్లు గటగటా తాగనివ్వడు. రెండు గుక్కలు, మళ్లీ పది నిమిషాలకు రెండు గుక్కలు. పడమటి నుంచి మబ్బు కమ్ముకొస్తే దాని రంగు చూసి ఆగాలో సాగాలో చెబుతాడు. అతనికి ఇది ఏ శిక్షణలోనూ నేర్పిన విద్య కాదు. చిన్నప్పుడు మేకల వెంట ఈ వాలంతా తిరిగాడు.

సెప్టెంబరు కావడంతో కొండ పచ్చగా ఉంది. పచ్చదనం మీద పసుపు నీళ్లు చల్లినట్టు ఎటు చూసినా సోన్కీ పూలు. మధ్యమధ్యలో కార్వీ పొదలు. మున్నార్‌లో నీలకురింజి 12 ఏళ్లకోసారి పూస్తే, వాటికి చుట్టమైన ఈ కార్వీ ఏడెనిమిదేళ్లకోసారి పూస్తుంది. ఈ కొండలన్నీ 1986లో ఏర్పాటైన కల్సూబాయి-హరిశ్చంద్రగఢ్ అభయారణ్యం పరిధిలోనివే. మే నెలాఖరులో, జూన్ మొదట్లో వస్తే ఇక్కడి చెట్లకు దీపాలు పెట్టినట్టు మిణుగురులు వెలుగుతాయి. వాటిని చూడ్డానికే జనం బారులు తీరతారు.

దారి పొడుగునా అక్కడక్కడా తాటాకంత పందిళ్లు. నిమ్మరసం, దోసకాయ ముక్కలు, ఉల్లి పకోడీ, మ్యాగీ. నడిపేది ఎక్కువగా వూరి ఆడవాళ్లే. పిల్లాడు 'మావశీ, ఏక్ లింబూ సర్బత్' అన్నాడు. మావశీ అంటే పిన్ని. గ్లాసు రేటు చూసి 'కింద ఇంతలేదే' అని ఎవరో నసిగారు. దాదా ఏమీ అనలేదు. మావశీ వెనకున్న నీళ్ల క్యానుకేసి చూపించాడంతే. ఆ నీళ్లు నెత్తి మీద పైకొచ్చాయి!

పనమ్మాయి పెట్టిన షరతు

పందిట్లో కూర్చుని అలుపు తీర్చుకుంటున్నప్పుడే కల్సూ కథ చెబుతారు ఇక్కడి గైడ్లు. వూరు వూరికీ కాస్త మారినా అసలు కథ ఒక్కటే.

చాలాకాలం కిందటి మాట. కల్సూ అని ఓ కోళీ పిల్ల. అడవుల్లో తిరగడమంటే ప్రాణం. అలా తిరిగి తిరిగి ఓరోజు ఈ కొండ పక్కనున్న ఇందోర్ అనే పల్లెకొచ్చింది. మధ్యప్రదేశ్ నగరం కాదు, ఇదో చిన్న వూరు. అక్కడ ఓ కోళీల ఇంట్లో పనికి కుదిరింది. కుదిరేముందే షరతు పెట్టింది. అంట్లు తోమనంది, చెత్త వూడ్చనంది. మిగతా ఏ పనైనా చేస్తానంది. ఇంటివాళ్లు సరేనన్నారు. రోజులు బాగానే గడిచాయి. ఓరోజు ఆ ఇంటి మనిషొకరు మాట మరిచారు. గిన్నెలు తోమమన్నారు, చెత్త ఎత్తిపోయమన్నారు.

కల్సూ ఎదురుచెప్పలేదు, గొడవపడలేదు. గిన్నెలు తోమింది. చెత్త ఎత్తిపోసింది. ఆ తర్వాత తిన్నగా కొండెక్కేసింది. మళ్లీ దిగిరాలేదు. బతికినన్నాళ్లూ ఆ పైనే ఉండిపోయింది. ఆమె అంట్లు తోమిన చోటును థాళే మేళ్ అనీ, చెత్త పోసిన చోటును కాళ్‌దరా అనీ ఇప్పటికీ పిలుస్తారు. కొండకు ఆమె పేరే మిగిలింది. బాయి అంటే అమ్మ, అక్క అన్నట్టు ఆడవాళ్లను గౌరవంగా పిలిచే మాట.

మనకు తెలిసిన దేవతలు రాక్షసుల్ని చంపుతారు, వరాలిస్తారు. కల్సూ అవేమీ చేసినట్టు కథలో లేదు. ఆమె ఓ కూలిపిల్ల. ఇచ్చిన మాట తప్పిన ఇంట్లో ఉండనంది, అంతే. తోమడం, వూడ్చడం తక్కువ పనులని కాదు. 'ముందే వద్దని చెప్పాక బలవంతం చేశారు కదా, అదీ తప్పు' అంటారు ఇక్కడి ఆడవాళ్లు. తరతరాలుగా ఇళ్లలోనూ చేలలోనూ చాకిరీ చేసిన వాళ్లకు అలాంటి దేవత కావాలనిపించడంలో ఆశ్చర్యం ఏముంది?

నిచ్చెనలెక్కితే... ఆకాశం!

కథ అయ్యాక కాళ్లకు కొత్త బలం వచ్చింది. ఆ బలం అవసరమే. ఎందుకంటే ముందున్నవి నిచ్చెనలు. నిట్టనిలువు రాతి గోడలొచ్చిన చోటల్లా బండకు ఇనుప నిచ్చెనలు బిగించారు. పక్కన పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. ఇవి లేని కాలంలో రాతి అంచులను చేత్తో పట్టుకుని పాకాల్సిందే. నవరాత్రుల జాతరకు చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలే ఎక్కుతాయి. నుదుట కుంకుమ, చేతిలో కొబ్బరికాయ, కొందరి కాళ్లకు చెప్పులైనా ఉండవు.

దాదా ముందే చెప్పాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఫోన్ జేబులోకి, కర్ర సంచిలోకి. ఒక చెయ్యి కదిపేటప్పుడు మిగతా చెయ్యీ రెండు కాళ్లూ నిలకడగా ఉండాలి. దిగేటప్పుడు నిచ్చెనకేసి ముఖం తిప్పి వెనక్కి దిగాలి. మధ్యలో సెల్ఫీ అన్నారో, దాదా ముఖంలో నవ్వు మాయమవుతుంది. పిల్లాడి వాళ్లమ్మ సగం నిచ్చెనలో బిగుసుకుపోయింది. కిందకి చూసిందట. దాదా గబగబా కిందికొచ్చి 'తాయీ, కమ్మీ చల్లగా ఉందా వేడిగా ఉందా?' అని అడిగాడు. తాయీ అంటే అక్క. 'చల్లగానే...' అంటూ ఆమె మరో చెయ్యి వేసింది. ఆ తర్వాత ఇంకో మెట్టు.

చివరి నిచ్చెనకు ముందు ఓ చదును. అక్కడో బావి. ఇంత ఎత్తున బావేమిటని ఆశ్చర్యపోనివాళ్లుండరు. దాన్ని దాటి ఆఖరి ఎక్కు ఎక్కితే... ఇక పైన ఆకాశమే!

శిఖరం ఇంటి డాబాకన్నా మరీ పెద్దదేం కాదు. మధ్యలో నలుగురు పట్టే గుడి. లోపల కల్సూబాయి. పూజారి పసుపు కుంకుమ ఇస్తాడు. చుట్టూ చూస్తే సహ్యాద్రి మొత్తం పటం పరిచినట్టే. పడమట వరసగా అలంగ్, మదన్, కులంగ్ కోటలు. అటువైపు రతన్‌గఢ్. దూరంగా హరిశ్చంద్రగఢ్. ఇదంతా ఒకప్పుడు రాఘోజీ భాంగ్రే తిరిగిన నేల. మన మన్యానికి అల్లూరి ఎలాగో ఈ కొండలకు ఆయన అలాగ. అకోలే తాలూకా దేవ్‌గావ్‌కు చెందిన మహదేవ్ కోళీ వీరుడు. వడ్డీ వ్యాపారుల మీద, వాళ్లకు అండగా నిలిచిన ఆంగ్లేయుల మీద తిరగబడ్డాడు. 1848లో ఠాణే జైల్లో ఉరితీశారు.

కొండకింద అద్దంలా మెరుస్తున్నది భండార్‌దరా జలాశయం. 1926లో పూర్తయిన విల్సన్ డ్యామ్ ప్రవరా నదిని ఇక్కడ ఆపింది. ప్రవరా పుట్టింది ఎదురుగా కనిపిస్తున్న రతన్‌గఢ్ దగ్గరే. ఈ నది నెవాసా దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదారే నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి బాసర మీదుగా రాజమహేంద్రవరానికి పోతుంది. ఇది విన్నాక తెలుగు నాన్న కాసేపు ఆ నీళ్లకేసే చూస్తుండిపోయాడు.

విచిత్రమేమిటంటే ఇంత వాన పడే కొండల్లో ఎండాకాలం నీళ్లకు కటకట. నల్లరాయి నీటిని పట్టి ఉంచదు. పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. డ్యామ్ నీళ్లు కాలవల వెంట దిగువన చెరకు తోటలకు పారతాయి. పైనున్న పల్లెల ఆడవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో బిందెలు పట్టుకుని దూరాలు నడుస్తారు.

ఇప్పుడు వూడ్చేదెవరు?

గుడి వెనక్కి వెళ్తే మనసు చివుక్కుమంటుంది. నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, గుట్కా కవర్లు, వానకోట్ల పీలికలు. రాతి పగుళ్లలో కూరి కొన్ని, పొదల్లోకి విసిరేసి కొన్ని. సెలవు రోజుల్లో నిచ్చెనల దగ్గర క్యూ కడుతున్నారంటే ఎంతమంది వస్తున్నారో, ఎంత వదిలి పోతున్నారో వూహించుకోవచ్చు. వాన రాగానే అదంతా వాగులో పడుతుంది. వాగు మడుల్లోకి తెస్తుంది. మేసే పశువుల కడుపుల్లోకి చేరుతుంది. అప్పుడప్పుడు ట్రెక్కింగ్ బృందాలు, వూరి యువకులు గోనెసంచులు పట్టుకుని ఏరుతుంటారు. ఏరిన వారానికే మళ్లీ మామూలే.

'చెత్త వూడ్చమన్నారనే కదా ఆమె ఇక్కడికొచ్చింది. మనం ఇక్కడికీ తెచ్చాం' అన్నాడు దాదా. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అందరూ సంచుల్లోని సీసాలను ఓసారి తడిమి చూసుకున్నారు.

వూరికి మాత్రం ఈ జనం కావాలి. వరి కోతలయ్యాక ఈ పల్లెల్లో పని ఉండదు. కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసుకుని నారాయణ్‌గావ్ వైపు కూరగాయల తోటల్లో కూలికి పోతాయి. పిల్లల చదువులు మధ్యలో ఆగిపోతాయి. కొండెక్కడానికి మనుషులొస్తే గైడుకు కూలి, జీపుకు కిరాయి, మావశీకి బేరం, ఇంటికి నాలుగు భోజనాలు. కాబట్టి రావద్దని వాళ్లెవరూ అనరు. వాళ్లు కోరేది ఒక్కటే... అతిథుల్లా రమ్మని. దారి చూపించమంటే చూపిస్తారు, అన్నం పెట్టమంటే పెడతారు. మనం పారేసింది ఎత్తమంటే మాత్రం అది కల్సూ ఒప్పుకోని పనే.

పిఠ్లా, భాక్రీ... ఓ లెక్క

దిగడం ఎక్కడంకన్నా కష్టం. మోకాళ్లు వణుకుతాయి, బొటనవేళ్లు బూటు ముందుకు తన్నుకుంటాయి. మధ్యాహ్నం రెండున్నరకు మళ్లీ మడులు, వాగు, పశువుల పాక, పెంకుటిల్లు. అరుగు మీద నాయనమ్మ ముంగిట పళ్లెంనిండా పిండి! పొద్దుట్నుంచీ ఆ ఇంటావిడతో కలిసి రొట్టెలు చరుస్తోంది. వద్దంటే వినలేదట.

బియ్యప్పిండి భాక్రీ, సెనగపిండితో గరిటెజారుగా చేసిన పిఠ్లా, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ దంచిన ఠేచా, పచ్చి ఉల్లిపాయ. కొండ దిగొచ్చిన ఆకలికి అది పంచభక్ష్య పరమాన్నమే. తిన్నాక పిల్లాడు కంచం పక్కకు నెట్టబోయాడు. నాయనమ్మ ఓ చూపు చూసింది. కంచం తీసుకుని గోలెం దగ్గరికెళ్లి తనే కడిగి బోర్లించాడు. అది చూసి వాళ్ల నాన్న లేచాడు. ఆ వెనక మిగతావాళ్లూ.

దాదా ఫోన్ తీశాడు. మనుషుల లెక్క సరిపోయింది, 12. సీసాలన్నీ అరుగు మీద పెట్టించాడు. ఒకటి, రెండు, మూడు... పొద్దున రాసుకున్నది 17. మళ్లీ లెక్కపెట్టాడు. 18!

ఒకటి ఎక్కువొచ్చింది. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పిల్లాడు మాత్రం నాయనమ్మ వెనక నక్కి నవ్వుతున్నాడు. ఎవరో గుడి వెనక వదిలేసిన సీసా... వాడి సంచిలో కొండ దిగొచ్చింది.

మీరూ వెళ్లాలంటే...

ఎలా: సికింద్రాబాద్ నుంచి ముంబయి వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నాసిక్ రోడ్‌లో దిగి, ఘోటీ మీదుగా రోడ్డు దారిన బారి చేరొచ్చు. ముంబయి నుంచైతే లోకల్ రైల్లో కసారా దాకా వచ్చి అక్కడినుంచి జీపుల్లో వెళ్లొచ్చు.

ఎప్పుడు: పూలకోసమైతే సెప్టెంబరు, అక్టోబరు. దూరదూరాల కోటలు స్పష్టంగా కనిపించాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. జోరు వానల్లో నిచ్చెనలు జారతాయి, పిల్లలతో వెళ్లకపోవడమే మంచిది. వీలైతే ఆదివారం కాకుండా మామూలు రోజు ఎంచుకోండి.

ఏం కావాలి: పట్టున్న బూట్లు, మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు, టోపీ, టార్చి, పల్చటి వానకోటు. చెత్త వేసుకోవడానికో ఖాళీ సంచి.

మరిచిపోవద్దు: గైడును వూళ్లోనే మాట్లాడుకోండి. కూలి ముందే అడిగి, బేరం లేకుండా ఇవ్వండి. భోజనం సంగతి ఎక్కేముందే చెప్పి వెళ్తే దిగేసరికి రొట్టెలు వేడిగా ఉంటాయి.